లేని గీతను చూపడం, కంటికందని కణాన్ని చూడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీలో ఆట చూసేవాళ్లకు నేల మీద గీతలు, ప్రకటనలు కనిపిస్తాయి. స్టేడియంలో కూర్చున్నవాళ్లకు అక్కడ పచ్చిక తప్ప ఏమీ కనిపించదు. ఇదొక రకం ఆవిష్కరణ. మామూలు మైక్రోస్కోప్‌కు అందని జీవకణం లోపలి భాగాలను ఎక్స్-రేలతో చూపే యంత్రాలు ఇంకో రకం. ఈ రెండింటి గురించి తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. ముందు వీడియో, తర్వాత ఎక్స్-రే. ఏదో ఒకటే కావలసినవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లవచ్చు. వీలైతే రెండూ చదవమనే నా కోరిక.

ఒకదానికొకటి సంబంధం లేని ఈ రెండు విషయాలను ఒకేచోట ఎందుకు పెట్టారు?

సంబంధం ఉంది కాబట్టే. రెండింటిలోనూ అసలు కష్టం కెమెరాలో లేదు. చిత్రంలోని ప్రతి చుక్కా బయటి ప్రపంచంలో సరిగ్గా ఏ చోటికి చెందిందో తేల్చడంలో ఉంది. ఆ లెక్క తప్పితే మైదానం మీది గీత జారిపోతుంది, జీవకణం బొమ్మ మసకబారుతుంది. ఇంకో పోలిక కూడా ఉంది. ఏది అడ్డు, ఏది నేపథ్యం అన్న విషయాన్ని రెండూ రంగును బట్టే తేల్చుకుంటాయి. ఒకచోట అది పచ్చిక రంగు, రెండోచోట కంటికి కనిపించని ఎక్స్-రే రంగు, అంటే తరంగదైర్ఘ్యం.

లైవ్ వీడియోలో బొమ్మ చేర్చడం అంటే స్కోరు చూపించడం లాంటిదేనా?

కాదు. స్కోరు పట్టీ తెరకు అతుక్కుని ఉంటుంది. కెమెరా ఎటు తిరిగినా అది తెర మూలలోనే నిలబడుతుంది. ఇక్కడ మాట్లాడుకునే బొమ్మ అతుక్కోవలసింది నేలకు. కెమెరా కుడికి తిరిగితే అది తెర మీద ఎడమకు జరగాలి, జూమ్ చేస్తే పెద్దదవ్వాలి, ఎవరైనా దాని మీదుగా నడిస్తే వాళ్ల వెనక్కి పోవాలి. ఈ మూడూ కుదిరితేనే అది అక్కడే రాసి ఉందని కన్ను నమ్ముతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కనిపించే పసుపు గీత ఎప్పుడు మొదలైంది?

1998 సెప్టెంబరు 27న, బాల్టిమోర్ రేవెన్స్, సిన్సినాటి బెంగాల్స్ జట్ల మధ్య ఆటను ఈఎస్‌పీఎన్ ప్రసారం చేసినప్పుడు. స్పోర్ట్‌విజన్ అనే సంస్థ దాన్ని తయారుచేసింది. ఆ ఆటలో బంతి పట్టిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. ఎంతదాకా పోవాలన్నది అంతవరకు మైదానం అంచున పట్టుకునే కర్రలను చూసి ఊహించుకోవలసి వచ్చేది. ఒక్క గీతతో ఆ ఊహ అవసరం లేకుండా పోయింది. ఆట తెలియనివాళ్లకు కూడా ఏం జరుగుతోందో అర్థమైంది. నా లెక్కన ఈ రంగంలో వచ్చిన అన్నిటిలోకీ ఇదే ఉత్తమమైన ఉపయోగం. ఆటలో ముందే ఉన్న విషయాన్నే అది కళ్లకు కట్టింది తప్ప కొత్తగా ఏదీ కల్పించలేదు.

కెమెరా తిరుగుతున్నా గీత కదలకుండా ఎలా ఉంటుంది?

కెమెరా స్టాండుకు సెన్సర్లు బిగిస్తారు. కెమెరా పక్కకు ఎంత తిరిగింది, పైకీ కిందికీ ఎంత వంగింది, జూమ్ ఎంత, ఫోకస్ ఎంత అన్న నాలుగు సంగతులను అవి ప్రతి ఫ్రేమ్‌కూ కంప్యూటర్‌కు చెబుతాయి. ఆటకు ముందే మైదానాన్ని కొలిచి దాని త్రిమితీయ నమూనా తయారుచేసి పెట్టుకుంటారు. కెమెరా ఎక్కడుందో, ఎటు చూస్తోందో తెలిశాక, నేల మీది ఫలానా బిందువు తెర మీద ఏ పిక్సెల్ దగ్గర, అంటే ఏ చుక్క దగ్గర పడుతుందో లెక్క కట్టవచ్చు.

చెప్పడానికి తేలికే కానీ ఆ లెక్క ఎంత సున్నితమో చూడండి. కెమెరాకు 100 మీటర్ల దూరంలో గీత 10 సెంటీమీటర్లు పక్కకు జరగాలంటే, కోణం కొలతలో డిగ్రీలో 17వ వంతు తప్పు వస్తే చాలు. జూమ్ చేసినప్పుడు ఆ 10 సెంటీమీటర్లు ఎవరికైనా కనిపిస్తాయి. పైగా స్టేడియంలో జనం లేచి గంతులేస్తే కెమెరా నిలబెట్టిన వేదిక కూడా ఊగుతుంది. లెన్స్ అంచుల దగ్గర తిన్నని గీతలు కొద్దిగా వంగి కనిపిస్తాయి, ఆ వంపును కూడా కొలిచి గీతకు కలపాలి.

మైదానం బల్లపరుపుగా ఉండదన్న సంగతి చాలామందికి తట్టదు. వాన నీరు జారిపోవడానికి మధ్యలో కాస్త ఎత్తుగా, అంచులకు వాలుగా కడతారు. నేల చదునైనదే అనుకుంటే, నాలుగు తెలిసిన బిందువులను పట్టుకుని మొత్తం అమరిక తేల్చేయవచ్చు. కానీ అలా గీసిన గీత నిజం మైదానం మీద గాలిలో తేలుతున్నట్టో నేలలో దిగబడినట్టో కనిపిస్తుంది. అందుకే ప్రతి స్టేడియాన్నీ విడిగా కొలవవలసి వచ్చింది.

ఆటగాడు గీత మీద నిలబడితే అది అతని కాళ్ల మీద పడదేం?

కంప్యూటర్ ప్రతి పిక్సెల్‌నూ ‘నువ్వు పచ్చికవేనా?’ అని అడుగుతుంది కాబట్టి. గీత పడవలసిన చోట పిక్సెల్ రంగు పచ్చిక రంగుల జాబితాలో ఉంటే దాన్ని పసుపు చేస్తుంది. లేకపోతే, అది ఆటగాడి చొక్కానో బూటో బంతో అని వదిలేస్తుంది. సినిమాల్లో నీలి, ఆకుపచ్చ తెరల ముందు నటులను నిలబెట్టి వెనక వేరే దృశ్యం కలిపే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే, స్టూడియోలో తెర రంగూ వెలుగూ మన చేతిలో ఉంటాయి, మైదానంలో ఉండవు.

కష్టమంతా అక్కడే మొదలవుతుంది. పొద్దు వాలేకొద్దీ సగం మైదానం నీడలోకి వెళుతుంది, పచ్చిక ఒకటే అయినా రంగు రెండు రకాలవుతుంది. వాన పడితే బురద, చలికాలమైతే మంచు. ఆకుపచ్చ చొక్కాల జట్టు ఆడుతుంటే చొక్కా రంగుకూ గడ్డి రంగుకూ మధ్య ఉన్న కొద్దిపాటి తేడానే పట్టుకోవాలి. అందుకే ఆట నడుస్తున్నంతసేపూ ఒక మనిషి కూర్చుని, ఏ రంగులు పచ్చికవి, ఏవి కావు అన్నది సరిదిద్దుతూ ఉండేవాడు. తెర మీద గీత సహజంగా అనిపించిందంటే అందులో ఆ మనిషి పనితనం కూడా ఉంది. అంచుల దగ్గర మరో జాగ్రత్త అవసరం. పిక్సెల్‌ను పూర్తిగా పసుపు చేయడమో పూర్తిగా వదిలేయడమో చేస్తే కత్తెరతో కోసినట్టు ఉంటుంది. సగం గడ్డి, సగం బూటు ఉన్న పిక్సెల్‌కు సగం పసుపే కలపాలి.

సెన్సర్లు లేకుండా, వీడియోను మాత్రమే చూసి ఈ పని చేయలేమా?

చేయవచ్చు. ప్రిన్స్‌టన్ వీడియో ఇమేజ్ అనే సంస్థ 1990లలో ఆ దారి పట్టింది. చిత్రంలోనే ఉన్న ఆనవాళ్లను, అంటే గీతల కూడళ్లు, గోడ అంచులు, నేల మీది మచ్చలు లాంటివాటిని కంప్యూటర్ గుర్తుపట్టి, అవి గత ఫ్రేమ్ నుంచి ఈ ఫ్రేమ్‌కు ఎంత జరిగాయో చూసి కెమెరా కదలికను తేలుస్తుంది. ముందు చిత్రాన్ని చిన్నదిగా కుదించి ఉజ్జాయింపుగా వెతకడం, తర్వాత పూర్తి చిత్రంలో ఆ చుట్టుపక్కలే నిశితంగా వెతకడం ఇందులో మంచి ఉపాయం. ప్రతి కెమెరాకూ పరికరాలు బిగించే పని తప్పుతుంది. బలహీనత కూడా ఉంది. బాగా జూమ్ చేసి ఒట్టి గడ్డినే చూపితే పట్టుకోవడానికి ఆనవాలు ఉండదు. గుంపుగా ఆటగాళ్లు అడ్డొచ్చినా అంతే. సెన్సర్ చెప్పినదాన్ని చిత్రంలోని ఆనవాళ్లతో సరిచూసుకుంటే, రెండు దారుల్లోని లోపాలూ ఒకదానికొకటి సర్దుకుంటాయి.

దీనివల్ల ప్రసారం ఆలస్యమవుతుందా?

కొద్దిగా. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కోదానికి దొరికేది 33 మిల్లీసెకన్లు. హెచ్‌డీ ఫ్రేములో 20 లక్షలకు పైగా పిక్సెల్‌లు ఉంటాయి. పని పూర్తయ్యేదాకా కొన్ని ఫ్రేములను ఆపి ఉంచుతారు, శబ్దాన్ని కూడా అంతే ఆపుతారు. లేకపోతే పెదవులకూ మాటలకూ పొంతన ఉండదు.

ఐస్ హాకీలో వెలిగే పక్ ఏమైంది?

ఐస్ హాకీలో బంతి బదులు వాడే చిన్న రబ్బరు బిళ్లే పక్. అది వెలుగుతున్నట్టు తెర మీద చూపే ప్రయోగాన్ని 1996లో ఫాక్స్ ఛానల్ చేసింది. పక్ లోపల ఇన్‌ఫ్రారెడ్ కాంతిని విడిచే చిన్న పరికరాలు పెట్టి, దాని జాడ పట్టి, తెర మీద దాని చుట్టూ నీలి వెలుగు చూపారు. వేగంగా కొడితే వెనక ఎర్రటి తోక వచ్చేది. పాత అభిమానులకు అది నచ్చలేదు, 1998 తర్వాత కనిపించలేదు. అయితే ఆ శ్రమ వృథా పోలేదు. ఆ పనికి నాయకత్వం వహించిన స్టాన్ హనీ తర్వాత స్పోర్ట్‌విజన్ స్థాపకుల్లో ఒకరయ్యారు. పక్ దగ్గర నేర్చుకున్నది పసుపు గీతకు పనికొచ్చింది.

మైదానంలో నిలబెట్టినట్టు కనిపించే ప్రకటనలన్నీ కంప్యూటర్ వేసినవేనా?

కావు. కొన్ని నిజంగానే గడ్డి మీద రంగుతో వేసినవి. ప్రధాన కెమెరా ఉన్న చోటు నుంచి చూస్తే నిటారుగా నిలబడినట్టు అనిపించేలా వాటిని సాగదీసి వేస్తారు. వేరే కెమెరాకు మారగానే ఆకారం వంకరపోతే అది రంగు పూత అని తెలిసిపోతుంది. కంప్యూటర్ వేసినదైతే చాలాసార్లు వేరే కెమెరాలో అసలు కనిపించదు.

ఒకే ఆటలో ఒక్కో దేశానికి ఒక్కో ప్రకటన చూపగలరా?

చూపగలరు. మైదానం అంచున ఉన్న బోర్డును గుర్తించి, ఒక్కో దేశానికి వెళ్లే ప్రసారంలో దాని మీద ఒక్కో బొమ్మ పరుస్తారు.

ఇది మోసం కాదా?

చూసేవాడికి ఏం చెప్పారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆటలో గీత వేస్తే అది గుర్తు అని అందరికీ తెలుసు. వార్తల్లో అలా కాదు. 1999 డిసెంబరు 31న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నుంచి వార్తలు ప్రసారం చేస్తూ సీబీఎస్, అక్కడ నిజంగా ఉన్న పోటీ ఛానల్ ఎన్‌బీసీ తెర మీద తన లోగోను ఈ పద్ధతిలోనే పరిచింది. ప్రేక్షకులకు ఆ మాట చెప్పలేదు. సంగతి బయటపడ్డాక పెద్ద దుమారం రేగింది, వార్తలు చదివిన డాన్ రాదర్ అది పొరపాటేనని ఒప్పుకున్నారు. ఒక వీధిలో ఏముందో చూపించడమే వార్త పని. ఆ వీధిని మార్చి చూపితే వార్తకు మిగిలేదేమీ లేదు. ఆటల ప్రసారంలో ఈ సాంకేతికతను ఎంత మెచ్చుకుంటానో, వార్తల్లో అంత గట్టిగా వద్దంటాను.

ఇక ఎక్స్-రే సంగతి. ఆసుపత్రిలో తీసే ఎక్స్-రేకూ ఎక్స్-రే మైక్రోస్కోప్‌కూ తేడా ఏమిటి?

ఆసుపత్రిలో తీసేది నీడ. ఒక పక్క నుంచి కిరణాలు పంపితే ఎముక ఆపిన చోట నీడ పడుతుంది, మధ్యలో లెన్స్ ఉండదు. మైక్రోస్కోప్‌లో కిరణాలను వంచి, ఒకచోటికి చేర్చి, చిన్న వస్తువును పెద్దదిగా చూపాలి. ఎక్స్-రేలను వంచడమే మహా కష్టం.

ఎందుకంత కష్టం?

1895లో ఎక్స్-రేలను కనుగొన్న రాంట్‌జెన్ వాటిని పట్టకాలతో, కటకాలతో వంచాలని చూశాడు, కుదరలేదు. పదార్థం కిరణాన్ని ఎంత వంచగలదో చెప్పే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. గాజులో మామూలు కాంతికి అది 1.5 దగ్గర ఉంటుంది. ఎక్స్-రేలకు ఏ పదార్థంలోనైనా అది దాదాపు 1. ఇంకా సరిగ్గా చెప్పాలంటే 1 కంటే రవ్వంత తక్కువ, ఎక్కువ శక్తి గల ఎక్స్-రేలకైతే ఆ తేడా లక్షలో ఒక వంతు, అంతకన్నా తక్కువ. అంటే గాజులో కిరణం దాదాపు గాలిలో పోయినట్టే తిన్నగా పోతుంది. మందం పెంచి ఎక్కువ వంచుదామంటే ఆ పదార్థం కిరణాన్ని మింగేస్తుంది.

మరి లెన్స్ ఎలా చేశారు?

మూడు దారుల్లో.

మొదటిది అద్దాలు. ఎక్స్-రే అద్దం మీద నిట్టనిలువుగా పడితే లోపలికి దూసుకుపోతుంది. నేలకు రాసుకుంటూ పోయినట్టు, బాగా ఏటవాలుగా తగిలితే మాత్రం తిరిగి ఎగురుతుంది. 1948లో స్టాన్‌ఫర్డ్‌లో పాల్ కిర్క్‌ప్యాట్రిక్, ఆల్బర్ట్ బేయెజ్ రెండు వంపు అద్దాలను ఒకదాని తర్వాత ఒకటి అడ్డంగా, నిలువుగా అమర్చి బొమ్మ తెచ్చారు. 1952లో హాన్స్ వోల్టర్ ఇంకో అమరిక చెప్పాడు. అది మైక్రోస్కోప్ కోసం పుట్టినా, ఎక్కువ పేరు తెచ్చుకున్నది అంతరిక్ష టెలిస్కోపుల్లో. 1999లో ఎగిరిన ‘చంద్ర’ అనే ఎక్స్-రే టెలిస్కోపు అద్దాలు ఆ కోవవే.

రెండోది జోన్ ప్లేట్. నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే. ఒకే కేంద్రం చుట్టూ గీసిన వలయాలు, ఒకటి కిరణాన్ని ఆపేది, పక్కది వదిలేది. బయటికి పోయేకొద్దీ వలయాలు సన్నబడతాయి. వాటి గుండా పోయిన కిరణాలు వివర్తనం వల్ల, అంటే సన్నని సందులను దాటేటప్పుడు పక్కకు మళ్లే గుణం వల్ల, వంగి ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. మైక్రోస్కోప్ ఎంత చిన్న వివరం చూపగలదన్నది చిట్టచివరి వలయం వెడల్పు మీద ఆధారపడుతుంది. దాని 1.22 రెట్లు మన హద్దు. ఒక లెక్క చూద్దాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, నానోమీటరు మైక్రాన్‌లో వెయ్యో వంతు. జోన్ ప్లేట్ వ్యాసం 60 మైక్రాన్లు, చివరి వలయం 25 నానోమీటర్లు, ఎక్స్-రే తరంగదైర్ఘ్యం 2.4 నానోమీటర్లు అనుకోండి. అప్పుడు వలయాలు 600, నాభ్యంతరం, అంటే కిరణాలు కలిసే దూరం, సుమారు 0.6 మిల్లీమీటరు. తల వెంట్రుకంత వెడల్పులో 600 వలయాలున్న లెన్స్ అన్నమాట. వాటిని ఎలక్ట్రాన్ పుంజంతో చెక్కుతారు. జర్మనీలోని గోటింగెన్‌లో గుంటర్ ష్మాల్, డీట్‌బర్ట్ రుడాల్ఫ్ 1970లలో ఈ దారిని నిలబెట్టారు. 2005లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ బృందం 15 నానోమీటర్ల వివరాలను చూపింది.

దీని లోపం కూడా చెప్పాలి. ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో దూరంలో కలుస్తుంది, కాబట్టి దాదాపు ఒకే రంగు ఎక్స్-రే కావాలి. కిరణాలను పూర్తిగా ఆపే వలయాలతో చేసిన రకంలో, పడిన కాంతిలో పదో వంతు మాత్రమే అసలు నాభికి చేరుతుంది.

మూడోది 1996లో ఫ్రాన్స్‌లోని ఈఎస్‌ఆర్‌ఎఫ్ అనే ఎక్స్-రే పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త స్నిగిరెవ్ బృందం చేసింది. అల్యూమినియం దిమ్మెలో వరసగా 30 రంధ్రాలు తొలిచారు. పక్కపక్క రంధ్రాల మధ్య మిగిలిన లోహం పుటాకార కటకంలా ఉంటుంది. గుణకం 1 కంటే తక్కువ కాబట్టి ఎక్స్-రేలను పుటాకార కటకమే కేంద్రీకరిస్తుంది. ఒక్కటి వంచేది రవ్వంతే, 30 కలిస్తే పనవుతుంది. వందేళ్లుగా కాదనుకున్న పనికి డ్రిల్లు చాలింది.

‘నీటి కిటికీ’ అంటే ఏమిటి?

2.3 నుంచి 4.4 నానోమీటర్ల వరకు ఉన్న తరంగదైర్ఘ్యాల పట్టీ. ఈ పట్టీలో కార్బన్ ఎక్స్-రేలను బాగా మింగుతుంది, నీటిలోని ఆక్సిజన్ చాలావరకు వదిలేస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా దాదాపు పది రెట్లు. జీవకణమంటే నీటిలో తేలే కార్బన్ పదార్థాలే కాబట్టి రంగు అద్దకుండానే ప్రొటీన్లు, కొవ్వులు, పొరలు నీటి నేపథ్యంలో తేలి కనిపిస్తాయి. పచ్చికను గుర్తించి ఆటగాడిని వదిలేసిన కంప్యూటర్ గుర్తొచ్చిందా? అక్కడ రంగుతో వేరుచేసినది పచ్చికను, ఇక్కడ నీటిని. ఈ కిటికీ వల్ల మేలుంటుందని వోల్టర్ 1952లోనే రాశాడు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఇంకా చిన్నవి చూపుతుంది కదా, ఇది ఎందుకు?

చూపుతుంది, కానీ ఎలక్ట్రాన్లు మందమైన వస్తువును దాటలేవు. జీవకణాన్ని పలుచని ముక్కలుగా కోయాలి. నీటి కిటికీలోని ఎక్స్-రేలు పది మైక్రాన్ల మందం దాకా దాటుతాయి, కాబట్టి ఈస్ట్ లాంటి కణాన్ని కోయకుండా మొత్తంగా చూడవచ్చు. మామూలు కాంతి మైక్రోస్కోప్ 200 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆ రెండింటి మధ్య ఖాళీలో ఎక్స్-రే నిలబడుతుంది. దేని చోటు దానిదే, ఒకటి వచ్చిందని ఇంకొకటి పోదు.

ఎక్స్-రే తగిలితే కణం చచ్చిపోదా?

పోతుంది. ఇంత సూక్ష్మంగా చూడడానికి కావలసిన మోతాదు ఏ జీవకణమూ తట్టుకోలేదు. అందుకే నమూనాను ద్రవ నైట్రోజన్ స్థాయి చలిలో, మంచు స్ఫటికాలు ఏర్పడనంత వేగంగా గడ్డకట్టిస్తారు. దెబ్బ తగిలినా ముక్కలు చెదిరిపోకుండా ఉన్నచోటే ఉంటాయి. ఇంకో దారి, నమూనా చెదిరేలోపే బొమ్మ తీసేయడం. 2009లో స్టాన్‌ఫర్డ్ దగ్గర మొదలైన ఎల్‌సీఎల్‌ఎస్ లాంటి ఎక్స్-రే లేజర్లు, సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం కన్నా తక్కువ సమయంలోనే ముగిసే మెరుపులు ఇస్తాయి. ఆ మెరుపు వెళ్లిపోయాకే నమూనా పేలిపోతుంది.

ఇంతటి ఎక్స్-రే కాంతి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కువగా సింక్రోట్రాన్లు అనే భారీ యంత్రాల నుంచి. కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తే ఎలక్ట్రాన్లను అయస్కాంతాలు వంచినప్పుడు అవి వెలుగు చిమ్ముతాయి. ఇప్పుడు గదిలో పట్టే ఎక్స్-రే మైక్రోస్కోపులూ ఉన్నాయి, కాకపోతే బొమ్మకు ఎక్కువ సమయం తీసుకుంటాయి.

లెన్స్ లేకుండానే బొమ్మ తీస్తారని విన్నాం. నిజమా?

నిజం. 1999లో జియాన్‌వే మియావో బృందం మొదటిసారి చేసి చూపింది. నమూనా నుంచి చెదిరిన కిరణాల ఆకృతిని మాత్రమే నమోదు చేసి, ఏ వస్తువైతే ఇలా చెదరగొడుతుందో కంప్యూటర్‌తో వెనక్కి లెక్క కడతారు. లెన్స్ చేసే పనిని గణితం చేస్తుంది. టైకోగ్రఫీ అనే పద్ధతిలో ఒకదానిపై ఒకటి కొంత పడేలా చాలా చోట్ల వెలుగు వేసి, అన్నీ ఒకే వస్తువుతో సరిపోవాలని పట్టుబడతారు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ 2017లో ఈ పద్ధతితో ఒక కంప్యూటర్ చిప్ లోపలి తీగలను పగలగొట్టకుండా, సుమారు 15 నానోమీటర్ల వివరంతో మూడు కొలతల్లో చూపింది.

వీడియోలో గీతను నిలబెట్టే మెలకువ ఇక్కడ ఎక్కడైనా పనికొస్తుందా?

అచ్చంగా అదే మెలకువ కావాలి. కణాన్ని మూడు కొలతల్లో చూడాలంటే దాన్ని కొద్ది కొద్దిగా తిప్పుతూ ఎన్నో బొమ్మలు తీస్తారు. తిప్పే యంత్రం ఎంత మంచిదైనా ప్రతి మలుపులో నమూనా కొన్ని నానోమీటర్లు పక్కకు జరుగుతుంది. బొమ్మలన్నీ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోకపోతే అన్నీ కలిపిన తర్వాత వచ్చేది మసకే. అందుకే నమూనా దగ్గర సూక్ష్మమైన బంగారు రేణువులను ఉంచి, వాటిని ఆనవాళ్లుగా పట్టుకుని సరిచేస్తారు. లేదా ఒక బొమ్మను మరోదాని మీద జరుపుతూ ఎక్కడ బాగా పోలిక కుదిరిందో వెతుకుతారు. మైదానంలో గీతల కూడలి చేసిన పనే ఇక్కడ బంగారు రేణువు చేస్తుంది. కొలత మీటర్ల నుంచి నానోమీటర్లకు, అంటే వంద కోట్ల వంతుకు దిగినా లెక్క మారలేదు.

నాకూ ఇలాంటి ఆలోచన వచ్చింది. పేటెంట్ తీసుకోవచ్చా?

‘వీడియోలో ప్రకటన పెట్టాలి’ అన్నంత మాత్రాన పేటెంట్ రాదు. ఎలా పెడతారో, ఆ ‘ఎలా’లో ఇంతవరకు ఎవరూ చేయని మెట్టు ఏదో చెప్పాలి. ఆ రంగం తెలిసినవాడు చదివి తయారుచేసుకోగలిగేలా రాయాలి. చాలా దేశాల్లో రక్షణ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఎక్కువమంది చేసే తప్పు, దరఖాస్తుకు ముందే ఆలోచనను బయట చెప్పేయడం. అమెరికా లాంటి చోట్ల ఏడాది వెసులుబాటు ఉంది కానీ చాలా చోట్ల లేదు. ముందు దరఖాస్తు, తర్వాతే ప్రదర్శన.

ఎక్స్-రే మైక్రోస్కోప్ బొమ్మల్లో కనిపించే ఎరుపు, నీలం, ఆకుపచ్చ నిజమైన రంగులేనా?

కావు. యంత్రం నమోదు చేసేది ఏ చుక్క దగ్గర ఎంత కాంతి మిగిలిందన్నదే, అది నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. కేంద్రకానికి నీలం, కొవ్వు చుక్కలకు పసుపు వంటి రంగులు తర్వాత మనుషులు అద్దుతారు, భాగాలు విడివిడిగా తెలియడం కోసం. మైదానం మీది పసుపు గీత లాగే వాటిని గుర్తులుగా చూడాలి. ఏ రంగు దేనికి వాడారో బొమ్మ కింద రాసి ఉందో లేదో ముందు చూడండి.